నల్లేరు మాత్రలతో ఎముక పెరుగుతుందా? ముందు డబ్బా మీద నంబరు చూడండి

ఉప్పల్‌లోనో నాచారంలోనో మందుల షాపుకెళితే ‘ఎముకల బలానికి’ అంటూ నల్లేరు మాత్రలు కనిపిస్తాయి. మీ అమ్మగారికి కొనేముందు లైసెన్సు నంబరు చదవండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే అది ఆహారం కిందే లెక్క, జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. ఆయుర్వేద గ్రంథాల్లోని మందుకు ఆ గ్రంథమే ఆధారం, పనితనంపై కొత్త ట్రయల్స్ అడగరు. కఠినమైన దారి 2015లో వచ్చిన ఫైటోఫార్మాస్యూటికల్ నిబంధన: మొక్క సారంలో కనీసం నాలుగు రసాయనాలను లెక్కకట్టి, కొత్త మందులాగే మనుషులపై పరీక్షించాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎముక పెంచడం తేలిక కాదు. అందరికీ రాసే అలెండ్రోనేట్ అరుగుదలనే ఆపుతుంది. కొత్త ఎముకను కట్టించే టెరిపారటైడ్ (అమెరికా అనుమతి 2002) రోజూ తీసుకోవాల్సిన ఇంజెక్షన్. నల్లేరు ఎలుకల్లో ఆశ చూపింది, మనుషుల్లో జరిగినవి చిన్న ట్రయల్సే. పచ్చడి మానమని కాదు! మన ఉప్పల్ రోడ్డులోని ఐఐసీటీకి సోదర సంస్థ, లక్నో సీడీఆర్ఐ, షీషం ఆకుల నుంచి విరిగిన ఎముక అతుక్కునేందుకు ‘రీయూనియన్’ రూపొందించి గుజరాత్ కంపెనీకిచ్చింది.

ఈఎస్ఐ కార్డుంటే మీపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వర్తిస్తుంది. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మూలికల డబ్బా కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.