కథలో కలిసిన బతుకు

కచేరీ కాగితాలతో పొద్దు పుచ్చేవారికి ఒక అలవాటు పడిపోతుంది. సాత్‌బారాలో పేరు తప్పు పడితే ఒప్పుకోము. జన్మదాఖలాలో తేదీ దిద్ది ఉంటే వెనక్కి పంపుతాము. అట్టి మనిషి కథల పుస్తకం పట్టుకుంటే మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇది జరిగిందా, కల్పించిందా? బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు నేర్చే మన సిరొంచ పిల్లలు కూడా సానే గురూజీ ‘శ్యామ్‌చీ ఆయీ’ చదివి ఇదే అడుగుతారు.

గురూజీ ఆ పుస్తకాన్ని 1933లో నాసిక్ జైలులో రాశారు. 1935లో అచ్చయింది. 1953లో ఆత్రే గారు సినిమాగా తీస్తే, మరుసటి ఏడు దానికి రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. ఆశ్రమంలో శ్యామ్ అనే అతను రాత్రికొక సంగతి చొప్పున 42 రాత్రులు తన తల్లిని గురించి స్నేహితులకు చెబుతాడు. శ్యామ్ అంటే గురూజీయే. ఆ తల్లి ఆయన కన్నతల్లియే. మరి ‘నేను’ అని రాయవచ్చు గదా, ‘శ్యామ్’ అని ఎందుకన్నట్టు?

నాకు తోచినది చెబుతాను. ‘నేను’ అంటే చెప్పేవాడే ముందు నిలబడతాడు. శ్యామ్ అంటే అతను పక్కకు తప్పుకొని తల్లి ముందుకు వస్తుంది. ఈతకు భయపడి దాక్కున్నవాడు శ్యామ్. కొట్టి మరీ పంపినది తల్లి. గురూజీ పేరు మార్చారు గాని పిరికితనాన్ని దాచలేదు.

మన తెలుగులోనూ ఇట్టివారు ఉన్నారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు స్వయంగా బ్రిటన్ వెళ్లి చదువుకొని వచ్చినవారు. అయినా 1924 నాటి ‘బారిష్టరు పార్వతీశం’లో ఓడ ఎక్కిన మన కుర్రవాణ్నే నవ్వులపాలు చేశారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు జైళ్లు చూసిన మనిషి. ‘జైలు లోపల’ కథల్లో తన గొప్ప చెప్పుకోక, తోటి ఖైదీల బతుకు చెప్పారు.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాము. తెలిసిన ఒక ఇంట్లో చదువుకొన్న మరిది ఒకతను కథ రాశాడు. ఊరి పేరు మార్చాడు, వదినె పేరు మార్చాడు. పెనిమిటి విడిచిపెట్టగా, వంతెన లేని ఆ రోజుల్లో చంకన బిడ్డతో ఆమె పడవలో ప్రాణహిత దాటి పుట్టింటికి పోయిన రాత్రిని ఉన్నది ఉన్నట్టే రాశాడు. తాను మాత్రం రేవు దాకా తోడు వచ్చినట్టు రాసుకొన్నాడు. నిజానికి ఆ రాత్రి ఆమె వెంట ఎవ్వరూ లేరు. కథ విని ఆమె ఒక్క మాటే అన్నది:

“నా పేరు మార్చినవు, మంచిదే. నువ్వు చేసిన పని గూడ ఎందుకు మార్చినవయ్యా?”

ఎంత పండితుడైనా ఇంతకన్న బాగా చెప్పలేడు. కథలో కల్పన తప్పు కాదు. ఎదుటివారి మానం కాపాడటానికి చేసిన మార్పు మర్యాద. మన తప్పు కప్పుకోవటానికి చేసినది అబద్ధం. పైగా ఆమెకు కలిగిన కష్టంలో సగం ఆ ఒంటరితనమే. దాన్ని తీసివేస్తే ఆమె బతుకులో నుంచి ఆమెనే తీసివేసినట్టు.

అందుకని రాయటం మానవద్దు. 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యేదాకా మనది చంద్రపూర్ జిల్లా. కాగితాల్లో జిల్లా పేరు మారిన సంగతి ఉంటుంది. ఏ అవ్వ ఏ రేవున దిగి, ఏ గింజలు అప్పు తెచ్చి ఇక్కడ పొయ్యి వెలిగించిందో ఉండదు. అది రాయవలసినది మనమే. పేర్లు మార్చండి, రెండు సంగతులు ఒకటిగా కలపండి, తప్పు లేదు. ఆ మనిషి బతికి ఉంటే మాత్రం, పత్రికకు పంపేముందు ఒకసారి కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఆమె సరే అన్న తరువాతనే పంపండి.