హోమ్ సర్వర్‌కి ర్యామ్ కన్నా ముందు ఒక ఫైల్ కావాలి

హోమ్ సర్వర్ పెడదామనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అనే. నన్నడిగితే అసలు స్పెక్ వేరే: మనం ఊళ్లో లేనప్పుడు అది తనంతట తానే ఆన్ అయి పనిచేస్తుందా?

ఒక పాత డెస్క్‌టాప్ ధర్మపురిలోని ఇంట్లో ఉందనుకోండి. దానికి యూఎస్‌బీ హార్డ్ డిస్క్, అందులో ఇంటి ఫొటోలన్నీ. మీరేమో ఉద్యోగానికి హైదరాబాద్‌లో. కరెంట్ పోయి వస్తది. బయోస్‌లో సెట్ చేసి ఉంటే సిస్టమ్ దానంతటదే ఆన్ అవుతుంది. కానీ డిస్క్ కేబుల్ లూజ్ అయితే? లినక్స్ మామూలుగా 90 సెకన్లు ఆ డిస్క్ కోసం చూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. నెట్‌వర్క్ రాదు, రిమోట్ లాగిన్ కాదు. ఇక బాపుకు ఫోన్ చేసి, టీవీకి హెచ్‌డీఎంఐ పెట్టించి, కమాండ్లు అక్షరం అక్షరం చెప్పాల్సిందే.

దీనికి మందు ఒక్క పదం: ఆ డిస్క్ మౌంట్ ఆప్షన్లలో ‘నోఫెయిల్’. అంటే డిస్క్ దొరక్కున్నా బూట్ ఆపకు అని. అలాగే డిస్క్‌ని ఎస్‌డీబీ లాంటి పేరుతో కాకుండా యూయూఐడీతో రాయాలి. బూట్ అయినప్పుడల్లా ఆ పేర్లు మారొచ్చు, యూయూఐడీ మారదు.

సమస్య ఏంటంటే, మామూలు డిస్ట్రోల్లో ఇలాంటి సెట్టింగులు తలో ఫైల్‌లో ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఎవరికి గుర్తుంటాయి? అందుకే నా ఓటు నిక్స్‌ఓఎస్‌కి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది మెషీన్‌ని స్కాన్ చేసి, డిస్క్ కంట్రోలర్‌కి కావాల్సిన కెర్నల్ మాడ్యూల్స్, యూయూఐడీలతో సహా ఫైల్‌సిస్టమ్స్ అన్నీ ‘హార్డ్‌వేర్-కాన్ఫిగరేషన్’ అనే ఫైల్‌లో రాసిపెడుతుంది. నోఫెయిల్ లాంటి మన సొంత మార్పులు మాత్రం పక్కనున్న ‘కాన్ఫిగరేషన్’ ఫైల్‌లోనే పెట్టాలి. ఎందుకంటే మళ్లీ స్కాన్ చేస్తే మొదటి ఫైల్ కొత్తగా రాసేస్తుంది. రెండూ గిట్‌లో ఉంటే, రేపు మదర్‌బోర్డ్ పోయినా కొత్త మెషీన్‌లో స్కాన్ ఒక్కటే మళ్లీ చేయాలి. కొత్త సెట్టింగ్ తేడా కొడితే బూట్ మెనూలో పాత జనరేషన్ ఎంచుకుంటే చాలు.

మైనస్‌లు లేవా? ఉన్నాయి. నిక్స్ భాష నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. బయోస్ సెట్టింగులు ఈ ఫైల్‌లోకి రావు. ఫొటోల బ్యాకప్ కూడా వేరేగా చూసుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఉబుంటులోనే ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ రాసి, ఆ ఫైల్‌ని గిట్‌లో పెట్టండి.

ఏది వాడినా సరే, ఊరి నుంచి బస్సెక్కే ముందు సర్వర్ ఆఫ్ చేసి, ఆ డిస్క్ కేబుల్ పీకి, మళ్లీ ఆన్ చేయండి. ఫోన్ నుంచి లాగిన్ అయిందా, సర్వర్ రెడీ.