కవిగారికి నచ్చని బొమ్మ

కథలో ఉన్నదే బొమ్మలో ఉండాలి, చిత్రకారుడు సొంత పైత్యం కలపకూడదు అనే రచయితలంటే నాకు ఒళ్ళు మంట. నేనూ రచయిత్రినే, నా సీరియల్సుకీ బొమ్మలు వేస్తారు. అయినా సరే, ఈ మాట ఒప్పుకోను.

ఇంగ్లీషు మహాకవి టెన్నిసన్ సరిగ్గా ఈ పేచీయే పెట్టాడు. ఆర్థర్ రాజు కథల్లో లాన్సెలాట్ అనే వీరుణ్ణి వలచి, అతను దక్కక ప్రాణం విడిచిన పిల్ల ఒకతె ఉంది. టెన్నిసన్ పద్యంలో ఆ పిల్ల షాలట్ అనే దీవిలో, కోటలో ఒంటరిగా కూర్చుని మగ్గం నేస్తూంటుంది. లోకాన్ని అద్దంలో చూడొచ్చు గాని కిటికీలోంచి చూడకూడదు. చూస్తే శాపం. ఎవరిచ్చిన శాపం, ఎందుకిచ్చారు? చెప్పరు. (మనకి మాత్రం ఎవరు చెప్పారు లెండి!) ఒకనాడు అద్దంలో లాన్సెలాట్ మెరిశాడు. పిల్ల లేచి వెళ్ళి చూసేసింది. అద్దం పగిలింది.

1857లో మాక్సన్ అనే ప్రచురణకర్త టెన్నిసన్ పద్యాలని బొమ్మలతో అచ్చువేశాడు. ఆ రోజుల్లో గట్టి కొయ్యదిమ్మ మీద బొమ్మ గీసి, గీతలు మాత్రం మిగిలేలా చుట్టూ సన్నని ఉలితో తొలిచేసేవారు. ఒక్క వెంట్రుక నల్లగా అచ్చులో పడాలంటే దానికి రెండువైపులా తొలవాలి. ఎంత ఓపిక! అలాంటి దిమ్మ మీద హోల్మన్ హంట్ అనే చిత్రకారుడు, శాపం తగిలిన క్షణంలో ఆ పిల్లని నిలబెట్టాడు. జుట్టు సుడిగాలి పట్టినట్టు పైకి లేచింది. నేత పోగులు ఒంటికి చుట్టుకుపోయాయి.

కవిగారికి కోపం వచ్చింది. జుట్టు ఎగిరిందని నేనెక్కడ రాశాను, పోగులు చుట్టుకున్నాయని ఎక్కడన్నాను అని నిలదీశాడట. మీకైతే పదిహేను పేజీలున్నాయి, నాకున్నది అరపేజీయే కదా అని హంట్ జవాబు. ఈ సంభాషణ హంటే తన జ్ఞాపకాల్లో 1905లో రాసుకున్నాడు.

నా ఓటు హంటుకే. పుట్టినప్పటినుంచీ కూర్చుని నేసిన పిల్ల ఒక్కసారి తలెత్తి చూస్తే, జడ చెదరకుండా ఉంటుందా? నేత గాలిలోకి ఎగిరిందని కవిగారే రాశారు కదా, మరి ఆ పోగులు ఎక్కడికి పోవాలి?

అదే పుస్తకంలో, అదే పద్యం చివర రొసెట్టి వేసిన బొమ్మ చూడండి. పడవలో పిల్ల చచ్చిపోయి ఉంటుంది. లాన్సెలాట్ వంగి ఆ మొహం చూస్తూంటాడు. పద్యంలో అయితే అందమైన మొహమని మెచ్చుకుంటాడు కూడా. బతికుండగా తిరిగి చూడని మనిషికి అప్పుడు తీరిక దొరికింది! బొమ్మ బాగుంది, కాదనను. కానీ చచ్చిన ఆడదాని అందం మెచ్చుకోవడానికి ధైర్యమేం కావాలి? పోగులు తెంచుకుంటున్న ఆడదాన్ని గియ్యడానికే కావాలి.

టెన్నిసన్ 1892లో పోయాడు. హంట్ ముసలితనంలో అదే బొమ్మని పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. చూపు మందగించి, చివరికి ఇంకొక చిత్రకారుడి సాయంతో పూర్తిచేశాడు. అది ఇప్పుడు అమెరికాలో హార్ట్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. అందులోనూ ఆ పిల్ల జుట్టు ఒక్క పాయైనా దువ్వలేదు.