విడి ఆకులకు ఒక దారం

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ రెండింటికీ 'పుస్తకం వ్రాసి చూడు' అన్న మూడవ మాటను కూడా చేర్చవలసి ఉన్నదని మాకు స్వానుభవం మీద తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని ఈ నెల పాఠక మిత్రులతో పంచుకోదలచాము.

కొన్ని సంవత్సరాల క్రితం మన యూనిట్ చరిత్రను గ్రంథరూపంలో వెలువరించే బాధ్యత మాకు అప్పగించబడింది. ఉత్సాహంగా అంగీకరించాము. తొలి తరం ఉద్యోగుల ఇళ్లకు వెళ్లి వారి జ్ఞాపకాలను సేకరించాము. వివిధ శాఖల నుండి వ్యాసాలు తెప్పించుకున్నాము. ఆరు నెలలు తిరిగేసరికి మా కంప్యూటరులో నలభైకి పైగా ఫైళ్లు పోగుపడ్డాయి. 'చరిత్ర', 'చరిత్ర కొత్తది', 'చరిత్ర చివరిది', 'చరిత్ర అసలైన చివరిది' అంటూ వాటికి మేము పెట్టిన పేర్లు చూచి మా సహోద్యోగులు నవ్వేవారు. ఆ నవ్వులో మేమూ పాలుపంచుకున్నాము. కాని పర్యవసానం నవ్వదగినది కాలేదు.

తొలినాళ్లలో క్రేన్ ఆపరేటరుగా చేరి ఇక్కడే పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన మాకు రెండు సాయంత్రాలు తన కథ చెప్పారు. అది నాలుగు పుటలు వచ్చింది. ముద్రణలో స్థలాభావం వలన దానిని అర పుటకు కుదించి, అదే ఫైలు మీద భద్రపరచాము. పుస్తకం అచ్చుకు వెళ్లకముందే ఆయన కాలధర్మం చెందారు. కర్మకాండలు ముగిసిన తరువాత ఆయన కుమార్తె మా కార్యాలయానికి వచ్చి, "నాన్నగారు చెప్పినదంతా మీ దగ్గర ఉన్నదట కదండీ, మా పిల్లలకు చదివి వినిపిస్తాము" అని అడిగారు. మా వద్ద మిగిలినది ఆ అర పుటే. నోటుపుస్తకంలోని ముక్కలను ఏరి మరొక పుట వ్రాసి ఇచ్చాము. ఆమె ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. ఆ మౌనమే మమ్మల్ని ఈనాటికీ బాధిస్తున్నది.

లోపం కంప్యూటరుది కాదు, మా పద్ధతిది. ఉత్తరం వ్రాయడానికి సరిపోయే పద్ధతి ఉద్గ్రంథానికి సరిపోదు. మన పూర్వులు తాటాకుల మీద వ్రాసినప్పుడు ఏ ఆకుకు ఆ ఆకు విడిగానే ఉండేది. వాటిని ఒక క్రమంలో నిలిపినది రంధ్రంలో గ్రుచ్చిన దారం. పెద్ద రచనకు కావలసినవి కూడా ఆ రెండే: విడివిడిగా కదల్చగల ఆకులు, వాటిని కలిపి ఉంచే దారం. రష్యాలో పుట్టి అమెరికా పౌరుడైన నవలాకారుడు నబకోవ్ చిన్న చిన్న అట్టముక్కల మీద తన నవలలను వ్రాసుకుని పేర్చుకునేవారన్న సంగతి సాహిత్యాభిమానులకు తెలిసినదే.

ఈ అవసరాన్నే దృష్టిలో ఉంచుకుని రూపొందిన సాఫ్ట్‌వేర్లలో స్క్రివెనర్ ప్రసిద్ధమైనది. కీత్ బ్లౌంట్ అనే ఆంగ్లేయుడు తాను నవల వ్రాయబోయి, తగిన సాధనం దొరకక, స్వయంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని దీనిని తయారు చేశారు. 2007లో మాక్ కంప్యూటర్లకు, 2011లో విండోస్‌కు ఇది అందుబాటులోకి వచ్చింది.

దీని పనితీరు సులభగ్రాహ్యమే. తెరకు ఎడమవైపున 'బైండర్' అనే పట్టిక ఉంటుంది. అధ్యాయాలు, ఉపశీర్షికలు, సేకరించిన పత్రాలు, ఛాయాచిత్రాలు అన్నీ అందులో వరుసగా కనిపిస్తాయి. ఐదవ అధ్యాయాన్ని రెండవదానిగా మార్చదలిస్తే పట్టికలో పైకి జరిపితే చాలును. 'కార్క్‌బోర్డు' అనే అమరికలో ఒక్కొక్క భాగం ఒక్కొక్క చీటీగా, సారాంశంతో సహా దర్శనమిస్తుంది. దిద్దుబాటుకు ముందు 'స్నాప్‌షాట్' తీసుకుంటే పాత పాఠం యథాతథంగా నిలిచి ఉంటుంది. మాకు ఆనాడు కరవైనది ఇదే. చివరకు 'కంపైల్' అనే ఆదేశంతో విడి భాగాలన్నీ ఒకే వ్రాతప్రతిగా కూడుకుంటాయి.

అయితే ఇది వెల చెల్లించి కొనవలసిన సాధనం. అందరికీ ఇదే కావాలని మేము అనడం లేదు. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్ రైటరులో 'నావిగేటర్' అనే సదుపాయం ఉన్నది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 'నావిగేషన్ పేన్' ఉన్నది. అధ్యాయాల పేర్లను అక్షరాలు లావు చేసి వదలివేయక 'హెడింగ్' శైలిలో పెట్టినట్లయితే, ఈ రెండింటిలోనూ అధ్యాయాలను పట్టిక నుండే అటూ ఇటూ జరుపవచ్చును. ఏళ్ల తరబడి వర్డ్ వాడుతున్నా ఈ సంగతి ఎరుగని మిత్రులు మనలో ఎందరో ఉన్నారు. మేమూ వారిలో ఒకరమే.

తెలుగులో వ్రాసేవారికి ఒక హెచ్చరిక. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా మారిపోతుంది. అందుచేత మొదటి అక్షరం నుండి యూనికోడ్‌లోనే వ్రాయాలి. ఏ సాఫ్ట్‌వేరునైనా స్వీకరించే ముందు ఒక పుట తెలుగులో టైపు చేసి, ముద్రించి, ఒత్తులు, గుణింతాలు సక్రమంగా వస్తున్నాయో లేదో పరీక్షించుకోవాలి. వంద పుటలు వ్రాసిన తరువాత తెలుసుకుంటే ప్రయోజనం ఉండదు.

మా అనుభవం నేర్పిన నియమాలు మూడు. మొదటిది, సేకరించిన మూల పాఠాన్ని ఎన్నడూ దిద్దరాదు. దాని నకలును మాత్రమే దిద్దాలి. రెండవది, ప్రతి వారం మొత్తం రచనకు ఒక ప్రతి తీసి వేరొక చోట, వీలైతే వేరొక ఇంట ఉంచాలి. మూడవది, ప్రతి ఫైలు పేరులోనూ తేదీ ఉండాలి. 'చివరిది' అన్న మాట మాత్రం ఉండరాదు.

ఏ సాఫ్ట్‌వేరూ మన బదులు ఆలోచించదు, ఒకరి ఇంటి గడప తొక్కి వారి మాట వినదు. చీటీలకు రంగులు మార్చుకుంటూ కూర్చుంటే అధ్యాయం ముందుకు సాగదు. ఆ ప్రలోభానికి మేమూ కొన్నాళ్లు లోనైనాము. సాధనం దారం వంటిది. ఆకు మీద వ్రాయవలసినది మనమే.

మన కాలనీలో తొలి తరం వారు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారి ఇళ్లలోని పిల్లలకు కంప్యూటరు వాడకం మనకంటె బాగా తెలుసు. ఈ సెలవులలో తాతగారి పక్కన కూర్చుని, ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గురించి అడిగి వ్రాసుకొనవలసిందిగా చిన్నారులకు మా మనవి. వ్రాసినదానిని ఎన్నిసార్లు దిద్దినా ఫరవాలేదు; ఆయన చెప్పిన మొదటి ప్రతిని మాత్రం చెదరకుండా దాచండి.