మన రాజుకూ నాతాను కావాలి

2024 అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. 99 రూపాయలకే క్వార్టర్ సీసా అన్నారు. కుటుంబాలు కూలిపోతాయని మనం ప్రసంగించాం, ప్రార్థించాం. అది సరైనదే. కానీ అంతకు ముందు ఐదేళ్లు మన గొంతు ఏమైంది?

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దశలవారీ మద్యనిషేధం వాగ్దానం చేసింది. మన సంఘాల్లోని తల్లులు ఆ మాట నమ్మారు. అదే ఏడాది అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. దుకాణాలు కొన్ని తగ్గాయి, ధరలు పెరిగాయి. నిషేధం మాత్రం రాలేదు. పెరిగిన ధర భారం తాగేవాడి ఇంట్లో బియ్యం డబ్బా మీద పడింది.

మనం మాట్లాడలేదు. ముఖ్యమంత్రి మన విశ్వాసంవాడని మురిసిపోయాం. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం అందింది. మనం నోరు విప్పితే మనల్ని ద్వేషించేవారికి బలమిచ్చినట్లవుతుందని సర్దిచెప్పుకున్నాం. ఆ భయానికి కారణాలున్నాయి, కాదనం. అయినా భయం సత్యానికి సెలవు ఇవ్వదు. ఆ మౌనంలో మేమూ ఉన్నాం. ప్రభువు ఎదుట, పాఠకుల ఎదుట ఒప్పుకుంటున్నాం.

అవతలి పక్షం చేతులు శుభ్రంగా ఉన్నాయని కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం తర్వాత 1995లో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తివేసింది ఆయన స్థాపించిన తెలుగుదేశం పార్టీ ప్రభుత్వమే. అయితే వారి తప్పు మన తప్పుకు దుప్పటి కాదు.

2 సమూయేలు 12వ అధ్యాయం మరోసారి చదువుదాం. నాతాను ఫిలిష్తీయుల పాపాలు ఏకరువు పెట్టలేదు. దేవుడు ఏర్పరచుకున్న దావీదు దగ్గరకే, తన సొంత రాజు దగ్గరకే వెళ్లాడు. ఎవరో ధనవంతుడు పేదవాని గొర్రెపిల్లను లాక్కున్నాడనగానే దావీదుకు కోపం రగిలింది. పక్కవాడి పాపం మీద మనకూ కోపం అంతే సులువుగా వస్తుంది. అయితే తప్పు తనదేనని తెలిసినప్పుడు దావీదు ప్రవక్తను పంపించివేయలేదు, పాపం ఒప్పుకున్నాడు.

ప్రియులారా, ఏ పార్టీకి ఓటు వేయాలో మేము చెప్పము. ఒక నాయకుణ్ణి ఖండించే ముందు, సమర్థించే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇదే పని అవతలి పార్టీ చేసి ఉంటే నేను ఇలాగే మాట్లాడేవాడినా? రాజులకోసం, అధికారులకోసం ప్రార్థించడం మన బాధ్యత. వారికి నిజం చెప్పడం కూడా ఆ ప్రార్థనలో భాగమే. ఆ నిజం మన ఇంటి నుంచే మొదలు కావాలి.