కూర్చుని చూడండి

కుర్చీ అనే మాట మనది కాదు. అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన ఊళ్లలోకి వచ్చి, ఎంతగా పాతుకుపోయిందంటే ఇవాళ పదవికి మారుపేరై కూర్చుంది. సోఫాకీ మూలం అరబ్బీయే. అలమారా పోర్చుగీసు వారితో పాటు ఓడ దిగింది. బెంచీ ఇంగ్లీషు బడితో వచ్చింది. మనకంటూ మొదటినుంచీ వున్నవి పీట, మంచం, ఉట్టి, ఉయ్యాల, వీధి అరుగు. (వీటిలో పీటా మంచమూ సంస్కృతం వారింటి ఆడపడుచులేనని పండిత మిత్రులు కలం అందుకునే లోపలే నేను ఒప్పేసుకుంటున్నాను.)

ఈ నిఘంటువు గొడవ ఇప్పుడెందుకంటారా? నేలమీద కూర్చుని తిని, నేలమీద కూర్చుని చదివి, నేలమీదే చాప పరుచుకుని పడుకున్నవాళ్లం మనం. కుర్చీ మన ఇంటికి చుట్టంలా వచ్చింది. ఇప్పటికీ దాన్ని చుట్టాల కోసమే కొంటాం. ముందుగదిలో వేసి, పైన గుడ్డ కప్పి, పండక్కి దులిపి, మనం మాత్రం సోఫా కాళ్లకు వీపు ఆనించి నేలమీద కూర్చుని టీవీ చూస్తాం. అలా చూసేవారు మీ ఇంట్లో ఒక్కరూ లేరంటే నేను నమ్మను.

డిజైన్ అన్న మాటకూ మన ఇళ్లలో ఇలాంటి గతే పట్టింది. డిజైన్ అంటే చీర అంచు, గాజుమీది చెక్కుడు, వాకిట్లో ముగ్గు. తలుపు మీద నెమలిని చెక్కిస్తే అది డిజైన్ తలుపు. ఆ తలుపు వానాకాలంలో ఉబ్బి బిగుసుకోకుండా, చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి ఒక్క చేత్తో నెడితే తెరుచుకునేలా వుంటే, దానికి మాత్రం మన భాషలో పేరు లేదు. నా మటుకు నాకు అసలు డిజైన్ ఆ రెండవదే. పువ్వు వుండవచ్చు, వుండకపోవచ్చు.

ఈ తేడా తెలుసుకోవడానికి మంచి చోటు నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రులు కొందరు 1938లో, సంస్థానంలో తయారయ్యే సరుకు జనానికి చూపించాలని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన అది. తరువాత నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. మా జడ్చర్ల నుంచి 80 చిల్లర కిలోమీటర్లు. పిల్లాజెల్లాతో పొద్దున బస్సెక్కి రాత్రికి తిరిగివచ్చే కుటుంబాలు ఆ రోజుల్లో ఎప్పుడూ కనిపిస్తాయి.

అక్కడ సామాన్ల స్టాళ్ల దగ్గర కాసేపు నిలబడితే మంచి కాలక్షేపం. యజమాని వచ్చి సోఫా చెక్కను వేలి కణుపుతో కొట్టి చూస్తాడు, "టేకేనా?" అంటాడు. ఇల్లాలు గుడ్డ రంగు చూస్తుంది. పిల్లలు ఎక్కి గెంతుతారు, తిట్లు తింటారు. నిజానికి ఆ గుంపులో వస్తువును సరిగ్గా పరీక్షించినవాళ్లు ఆ పిల్లలే. పెద్దలు బేరమాడతారు తప్ప కూర్చోరు. కూర్చున్నా, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు అంచున కూర్చుని లేస్తారు.

పది నిమిషాలు కూర్చోండి. వీపు పూర్తిగా ఆనించండి. పాదాలు రెండూ నేలకు ఆనుతున్నాయా? పీఠం అంచు మోకాలి వెనక కోసుకుంటున్నదా? మామూలు కుర్చీకి నేలనుంచి 16, 17 అంగుళాల ఎత్తు వుంటుంది. అందరికీ అదే సరిపోవాలని ఏమీ లేదు. అన్నిటికన్నా పెద్ద పరీక్ష లేవడం. మెత్తగా, లోతుగా, నేలకు దగ్గరగా వున్న సోఫాలు చూడటానికి దర్జాగా వుంటాయి. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారిని అందులో కూర్చోబెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవమనండి. ఆమె లేవలేకపోతే ఆ సోఫా ఎంత ఖరీదైనదైనా మీ ఇంటిది కాదు. వెంట తీసుకుపోవలసింది కొలబద్దను కాదు, అమ్మను.

హైదరాబాదు దాకా వెళ్లినవారు సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా రారు. 1951లో దివాన్ దేవిడీలో తెరిచి, 1968లో ఇప్పటి భవనానికి మార్చిన ఆ మ్యూజియంలో దేశదేశాల బల్లలూ కుర్చీలూ వున్నాయి. టిప్పు సుల్తానువని చెప్పే దంతపు కుర్చీల ముందు జనం నోరు తెరిచి నిలబడతారు. నేనూ నిలబడతాను. పనితనం అటువంటిది. అయితే వాటిని చూస్తున్నంతసేపూ అవి చూడటానికే పుట్టాయనిపిస్తుంది. ఏ నవాబైనా వాటిలో చేరగిలబడి కునుకు తీసి వుంటాడంటే నాకు నమ్మకం కలగదు.

ఆ కాలపు హైదరాబాదు సొమ్ములోంచే, అలంకారం అనే మాటే లేకుండా ఒక ఇల్లు లేచిందని చాలామందికి తెలియదు. అది పుదుచ్చేరిలో వుంది. దాని పేరు గోల్‌కొండ. శ్రీ అరవిందాశ్రమవాసుల నివాసం కోసం 1930ల చివర కట్టడం మొదలుపెట్టారు. డబ్బు సమకూర్చింది నిజాం ప్రభుత్వ దివాను సర్ అక్బర్ హైదరీ; అందుకే ఆ పేరు. ఆంటోనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి పథకం వేస్తే, ఆయన దగ్గర పనిచేసే జార్జ్ నకషిమా అనే జపానీ అమెరికన్ యువకుడు పుదుచ్చేరి వచ్చి వుండి పని నడిపించాడు. గదుల్లోకి కావలసిన టేకు సామానూ అతను గీసిందే. మంచం, బల్ల, కుర్చీ వంటి అవసరమైన సామాను మాత్రమే, ఆడంబరం ఏమీ లేదు. కిటికీల బదులు గోడ పొడుగునా తిప్పుకోవడానికి వీలైన పలకలు. ఎండ రాదు, గాలి వస్తుంది. నకషిమా తరువాత అమెరికాలో కొయ్య సామానుకు లోకప్రసిద్ధుడయ్యాడు. చెట్టు అంచు ఎలా వంకర తిరిగితే అలాగే వదిలేసి బల్ల చేసే పద్ధతి ఆయనది. గోల్‌కొండ వజ్రాలు ఎక్కడెక్కడికో పోయాయని బాధపడే మనం, గోల్‌కొండ పేరుతో నిలిచిన ఈ నిరాడంబరమైన కుర్చీని కూడా ఒకసారి తలుచుకోవచ్చు.

అన్నట్టు, ఫంక్షన్ హాళ్లలో ఒకదానిలో ఒకటి దూర్చి గోడవారన నిలబెట్టే ప్లాస్టిక్ కుర్చీ వుందే, దానిమీద 2017లో జర్మనీలోని విట్రా డిజైన్ మ్యూజియం వారు ప్రత్యేకంగా ప్రదర్శనే పెట్టారు! ఒక్క మేకు లేదు, ఒక్క అతుకు లేదు. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులోకి కొడితే క్షణాల్లో కుర్చీ. పేదవాడి ఇంటి ముందుకూ కుర్చీని తెచ్చింది అదే. దాన్ని చులకన చేయడానికి నాకు నోరు రాదు. విరిగితే అతికించడానికి వీలులేదన్నదే నా ఫిర్యాదు.

అతికించేవాడి మాట వచ్చింది గనుక చెబుతున్నాను. స్టూడియో అంటే అహమ్మదాబాదులోనో బొంబాయిలోనో వుంటుందని అనుకోనక్కరలేదు. చిత్రిక పట్టిన పొట్టు మడమల దాకా పేరుకున్న వడ్రంగి కొట్టు కూడా స్టూడియోయే. బాదేపల్లి వైపు అటువంటి కొట్టుకు అప్పుడప్పుడు వెళ్లి కూర్చోవడం నాకు అలవాటు. బాడిస మూలన పడింది. ప్లైవుడ్డు, జిగురు, మర రంపం వచ్చాయి. ఆ వడ్రంగి ఒకసారి అన్న మాట నేను మరిచిపోలేదు.

"సార్, అందరు ఫోన్ల బొమ్మ తెస్తరు. గిట్లనే కావాలె అంటరు. కూసునేటోల్ల కొలత ఒక్కలు జెప్పరు."

డిజైన్ మీద ఇంతకన్న మంచి ఉపన్యాసం ఎవరైనా ఇచ్చారంటే అది అమెరికా దంపతులు చార్లెస్, రే ఈమ్స్ ఇచ్చినదే కావాలి. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశం తిరిగి చూసి, 1958లో వారు ఒక నివేదిక రాశారు. దాన్ని ఆధారం చేసుకునే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. (2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటి సంస్థ మొదలైంది. హైదరాబాదు ఐఐటీలో ఒక డిజైన్ శాఖ వుంది. మన పిల్లలకు ఇంజనీరింగూ డాక్టరీ కాకుండా మూడో దారి కూడా వుందని తల్లిదండ్రులు గమనించాలి.) ఇంత దేశంలో ఆ దంపతుల మనసు దోచుకున్న వస్తువేమిటో తెలుసా? తాజమహలు కాదు, చెంబు! నిండుగా వున్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, వంచినప్పుడు ఎటు జరుగుతుంది, నడుముకు ఆనించినా తలకెత్తుకున్నా ఎలా కుదురుతుంది, లోపలికి చెయ్యి పోయి తోమడానికి వీలవుతుందా, ఖరీదెంత, చేతికి తగిలితే ఎలా వుంటుంది, ఇలా పెద్ద జాబితాయే రాశారు. ఒక్క మనిషి దాన్ని తయారుచేసి వుండడని, తరతరాల వాళ్లు కొంచెం కొంచెంగా దిద్దారని వారి అభిప్రాయం. నూతిలోంచి నీళ్లు తోడిన తరం వారికి ఇంకొక గుణం కూడా తెలుసు. చెంబు మెడ సన్నంగా, పెదవి వెడల్పుగా వుండబట్టే అక్కడ వేసిన తాడు ముడి జారదు.

తరతరాలు దిద్దని వస్తువు మాటేమిటి? ఒక్కొక్కప్పుడు తరతరాలూ అలాగే భరిస్తాయి. ఇందుకు ఉదాహరణ కూడా మన పక్కనే, పాత నల్లగొండ జిల్లాలోనే వుంది.

చిటికీ పట్టుచీర కట్టుకున్న వారెందరికి ఆసు పోయడమంటే తెలుసు? నూలుకు ముడులు కట్టి రంగు అద్దే ముందు, దారాన్ని ఒక కొయ్యకూ, దాని ఎదుట అర్ధచంద్రాకారంగా నాటిన కొయ్యల వరసకూ మధ్య అటూ ఇటూ చుట్టాలి. ఈ పని ఆడవాళ్లది. ఒక్క చీరకు సుమారు 9000 సార్లు చెయ్యి చాపి తిప్పాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18000 సార్లు. ఆ చీరల అంచుల అందాన్ని ఎన్నో ప్రదర్శనలలో మెచ్చుకున్నాం. ఆ చేతి లెక్క ఏ స్టాలు ముందూ రాసిపెట్టలేదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుండేది. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన కుర్రవాడు 1992లో ఈ పనికి యంత్రం చేయాలని పూనుకున్నాడు. కొయ్య చట్రంతో మొదలుపెట్టి ఒక్కొక్క కదలికే సాధించుకుంటూ వచ్చాడు. వున్న డబ్బు ఖర్చయింది, ఊరు నవ్వింది. పొట్టకోసం హైదరాబాదు వెళ్లి కరెంటు పనులు చేసుకుంటుండగా, బాలానగర్‌లో ఒక కార్ఖానాలోని యంత్రం కదిలే తీరు చూస్తే, తనకు అంతుపట్టని చివరి కదలిక అతనికి తట్టింది. 1999లో యంత్రం పూర్తయింది. చీరకు నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. చెయ్యి తిప్పే పని లేదు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది. ఇవన్నీ పేపర్లలో చదివినవే. నేను మా విద్యార్థులకు చెప్పేది వేరొకటి. ఆ యంత్రం బొమ్మ గీయమంటే ఏ ఇంజనీరైనా గీస్తాడు. అటువంటి యంత్రం ఒకటి కావాలని తెలిసింది మాత్రం ఆ భుజాన్ని ఇంట్లో రోజూ చూసినవాడికే. మా తరగతిలో నేతపని ఇళ్ల పిల్లలూ వుంటారు. వారిలో ఒక అమ్మాయి ఈ కథ విని చేయెత్తి, "సార్, అయితే బీడీలు చుట్టేదానికి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ప్రశ్న మాత్రం డిజైన్ ప్రశ్న.

ఏటికొప్పాక లక్కబొమ్మలు మీకు తెలిసినవే. అంకుడు కర్రను తరిమెన పట్టి చేస్తారు. చంటిపిల్లలు బొమ్మ దొరికితే ముందు నోట్లో పెట్టుకుంటారు కదా. చెట్ల గింజలూ వేళ్లూ బెరళ్ల నుంచి తీసిన రంగులను ఆ ఊళ్లో మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన గొంగడి ఉన్నితో రైతులకు బూట్లు కుట్టించిన యువ డిజైనర్లు కూడా వున్నారు. ఈసారి ప్రదర్శనకు వెళ్తే ఇటువంటివి వెతకండి. పెద్ద స్టాళ్ల వెనక, దీపాలు తక్కువగా వున్నచోట వుంటాయి.

ఇక ప్రదర్శనకు పోకుండానే చూడవలసిన వస్తువు ఒకటుంది. అది మీ వంటింటి గట్టు. ఇల్లు కట్టిన మేస్త్రీకి దాని ఎత్తు ఒక్కటే కొలత తెలుసు. ఆ ఇంట్లో వండేది ఎవరో ఆయనకు తెలియదు. నాకు తెలిసిన ఒకరింట్లో నల్లటి గ్రానైట్ గట్టు అద్దంలా మెరుస్తూ వుంటుంది. గృహప్రవేశానికి వచ్చిన వారందరూ దాని నునుపు చూసి మెచ్చుకున్నారు. ఇల్లాలు పొట్టి మనిషి. రోజూ గట్టు ముందు పీట వేసుకుని, దానిమీద నిలబడి దోసెలు పోస్తున్నది. పొడుగు వారి ఇళ్లలో దీనికి తిరకాసు. నడుము వంగి వంగి, రాత్రికి అమృతాంజనం.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీ వచ్చే రోజున వంట చేసే మనిషిని గోడ పక్కన నిటారుగా నిలబెట్టి, మోచెయ్యి మడవమని, అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. దానికి 4 నుంచి 6 అంగుళాలు కిందుగా గట్టు వస్తే కూర తరగడానికీ పిండి కలపడానికీ భుజాలు ఎగదీయనక్కరలేదు. అత్తాకోడళ్లిద్దరూ వండే ఇల్లయితే రెండు గీతలు గీయండి. ఏ గీత ప్రకారం కట్టాలో మాత్రం నన్ను అడగకండి.