గూడబాతుకూ కూలీకీ ఒకటే చెరువు

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు అనే చిన్న ఊరుంది. అక్కడి చెరువులో కడప చెట్లు నీళ్ళలోనే నిలబడి పెరుగుతాయి. అక్టోబరు వానలతో ఆ చెట్ల మీదికి గూడబాతులొచ్చి గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు చేరతాయి. మేతకు పులికాట్ సరస్సు దాకా పోయొస్తాయి. 1976లో ప్రభుత్వం దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది.

మరి అంతకు ముందు ఈ పక్షుల్ని కాపాడిందెవరు? ఊరి జనమే. పక్షులు దిగితే వానలు బాగుంటాయని వాళ్ళ నమ్మకం. అందులో సేద్యం లెక్క కూడా ఉంది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి పారితే అదే ఎరువు.

2001 నుంచి ఇక్కడ, సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. కొన్నేళ్ళు ఆగిపోయి 2025 జనవరిలో మళ్ళీ మూడు రోజులు జరిగింది. పట్నం వాళ్ళు పిల్లా పాపలతో వచ్చి చూసిపోతే మనకేం కోపం లేదు. కూలివాడి బిడ్డా చూడాల్సిందే. కానీ చెరువు నిండకపోతే పండుగెక్కడిది? ఆ ఏడు గూడబాతు గూడు కట్టదు. ఆయకట్టులో నాట్లు పడవు. ఆడకూలీలకు పని దొరకదు.

పాత సంగతొకటి గుర్తు చేసుకోవాలి. నెల్లూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో చెరువు మరమ్మతుకు కుడిమరామత్తు అనే ఆచారం ఉండేది. దాని మీదనే 1858లో తెల్లదొరలు నిర్బంధ శ్రమ చట్టం చేశారు. ఆనాడు బలవంతాన కట్ట మీదికి తోలారు. ఈనాడు కూలి ఇచ్చి చేయించండని మనమే అడగాల్సి వస్తోంది!

పక్షులు వెళ్ళిపోయే ఎండాకాలంలోనే పేదలకు పొలం పనులుండవు, వలసబాట పడతారు. చెరువు పని చేయడానికి అంతకన్నా మంచి అదనేముంది? కడప చెట్ల వేళ్ళు చెదరకుండా పూడిక తీయాలి. నీళ్ళొచ్చే కాలువలు బాగుచేయాలి. కట్ట, తూము, కలుజు చూసుకోవాలి. ఈ పనులన్నీ యంత్రాలున్న కాంట్రాక్టర్లకు కాదు, స్థానిక కూలీలకు ఇవ్వాలి. కాపలా పనుల్లోనూ, చూడవచ్చిన వాళ్ళకు దారి చూపే పనుల్లోనూ వాళ్ళ బిడ్డలకే మొదటి చోటు దక్కాలి.

పండుగ మూడు రోజులే. చెరువు ఏడాది పొడుగునా ఉండాలి. ఈ మాట గ్రామసభలో గట్టిగా అడుగుదాం, తీర్మానం చేయించుకుందాం.